ఎర్ర మొప్పల తర్కం

అరసవల్లి వెళ్లే దారిలో, మందుల షాపు మేడ మీద రేకుల షెడ్డులో నేను బ్యాంకు పరీక్షలకి రీజనింగ్ చెప్పేవాణ్ని. వేసవిలో సూర్యభగవానుడు గుళ్లో కంటే మా రేకుల మీదే ఎక్కువసేపు కొలువుండేవాడు. ఆ వేడికి సుద్దముక్క చేతిలోనే సున్నమైపోయేదంటే మీరు నమ్మరు. నమ్మకపోయినా నేను చెప్పక మానను.

ఆ ఏడు వచ్చినవాళ్లలో ఒకామెది శ్రీకూర్మం అవతల సముద్రం ఒడ్డు ఊరు. పొద్దున్నే తల్లితో కలిసి బజార్లో చేపలమ్మి, గంప తల్లికి అప్పజెప్పి, క్లాసు వేళకల్లా మొదటి బెంచీ మీద ఉండేది. గుమాస్తా పరీక్షకి అదే ఆమె ఆఖరి ప్రయత్నం. మళ్లీ నోటిఫికేషన్ పడేసరికి వయసు దాటిపోతుంది. లెక్కల్లో ఆమె ముందు నేను దండగ. ఒక్క చోటే ఆమె పడవ ఇసకలో దిగబడిపోయేది: “అన్నీ”, “ఏదీ కాదు”, “కొన్ని” అంటూ వచ్చే వాక్యాల దగ్గర.

“బల్లలన్నీ పిల్లులు” అని బోర్డు మీద రాశాను. “దీన్నిబట్టి ఏది నిజం?”

“ఏదీ నిజం కాదు మేష్టారూ. బల్ల పిల్లెలాగవుతాది?”

“అనుకో అమ్మా. ఊరికే అనుకో.”

“అలాగనుకుంటే పిల్లులన్నీ బల్లలే.”

అక్కడే మునిగేది. బల్లలన్నీ పిల్లులైతే పిల్లి కానిదేదీ బల్ల కాదు. ఈ రెండూ ఒకటే మాట. పిల్లులన్నీ బల్లలనడం మాత్రం వేరే మాట. ఇది చెప్పడానికి నేను గీసిన వలయాలతో రాజాం దాకా గాజుల కొట్లు పెట్టొచ్చు. ఆమె తలూపేది. మర్నాడు మళ్లీ తిరగేసి టిక్కు పెట్టేది. ఒకరోజు పుస్తకం మూసేసి, “ఇది నా బుర్రకెక్కదు మేష్టారూ. నాకు గంపే రాసున్నాది” అంది. ఆ పూట నాకు అన్నం దిగలేదు. నాకు అన్నం దిగకపోవడమంటే మా వీధిలో పేపరుకెక్కాల్సిన వార్త.

ఆ ఆదివారం మా వీధిలోకి ఐసుపెట్టెలో చేపలమ్మే బండివాడొచ్చాడు. శాస్త్రప్రకారం మొప్పలెత్తి చూశాను. మందారాల్లా ఉన్నాయి. యుద్ధం గెలిచినవాడిలా కోనెం చేప ఇంటికి పట్టుకెళ్లాను. మా ఆవిడ ఒక్కసారి వాసన చూసి కొంగుతో ముక్కు మూసుకుంది.

“ఏటండీ ఇది? ఎప్పుడు సచ్చినాది? దీనికి కూర కాదు, దినం సెయ్యాల!”

సోమవారం క్లాసులో జరిగింది కొంచెం పెంచి చెప్పాను. వీధికుక్కలు ఆ చేపకి దండం పెట్టి వెళ్లిపోయాయన్నాను. చేపలామె పగలబడి నవ్వింది.

“మొప్పలొకటే సూసి కొన్నారేటి? పాత సేపకి నెత్తురు పూసేస్తారు మేష్టారూ! తాజా సేపలన్నిటికీ మొప్పలెర్రగానే ఉంటాయి. అలాగని ఎర్రగున్నవన్నీ తాజావా?”

నేను సుద్దముక్క అందుకున్నాను. “మరి మొప్పలు ఎర్రగా లేని చేప?”

“అది తాజాది కాదు. అందులో సూడ్డానికేటున్నాది?”

ఆమె మాటలే బోర్డు మీద రాశాను. తాజా చేపల కింద బల్లలు, ఎర్ర మొప్పలున్నవాటి కింద పిల్లులు అని రాశాను. ఆమె లేచొచ్చి, పై వరుసా కింది వరుసా వేలితో జత కలుపుకుంటూ చదివింది.

“ఓలమ్మో” అంది మెల్లగా. “ఇంతేనా?”

నా వలయాలు చెయ్యలేని పని కుళ్లు చేప చేసింది.

పరీక్ష రాసి తిన్నగా నా దగ్గరికే వచ్చింది. “పేపర్లో ‘కవులందరూ కుర్చీలు’ అని ఇచ్చినారు మేష్టారూ. కవుల్ని సేపలు సేసేసినాను.”

ఫలితాలొచ్చిన రోజు మెట్ల వైపే చూస్తూ కూచున్నాను. ఉద్యోగం వచ్చినవాళ్లందరూ మిఠాయి పెట్టెతో వస్తారు, అది నా అనుభవం. ఆమె వచ్చింది. చేతిలో ఆకు కప్పిన గంప ఉంది, మిఠాయి లేదు. మిఠాయి లేదంటే ఉద్యోగం రాలేదన్నమాట. తర్కంలో ఎక్కడా లొసుగు లేదు. గొంతు సవరించుకుని, “పోన్లే అమ్మా, బతుకంటే ఒక్క పరీక్షేనా...” అని మొదలెట్టాను.

“ఏటి మేష్టారూ ఆ ఏడుపు మొహం? ఉద్యోగం వచ్చినాది!”

“మరి మిఠాయి?”

“మేం మిఠాయి తెస్తామేటి? మంచి కబురైతే సేప తెస్తాం. మీ లెక్క బాగానే ఉన్నాది గానీ, మొదటి మాటే ‘బల్లలన్నీ పిల్లులు’ అన్నట్టున్నాది.”

ఆకు తీసింది. నిలువెత్తు పండుగప్ప చేప. నా చెయ్యి అలవాటుగా మొప్పల మీదకి పోయింది. ఆమె ఆ చేతి మీద ఒక్కటేసింది.

“మీరు సూడకండి. అమ్మగారికివ్వండి, ఆవిడ సూస్తారు.”