మూడో పిలుపుకి పలికింది

మా వంశంలో అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆస్తి అంతా పోయాక కూడా రాలేదు. విని నవ్వేవాళ్ళు నవ్వండి, కల్పించానని మాత్రం అనకండి. ఇది జరిగింది. తమిళనాట పీలమేడులో, మా ఆఫీసు పై అంతస్తులో, నా కళ్ళ ముందే.

నిజానికి ఆ రాత్రి నేను భయపడినదానికన్నా విసుక్కున్నదే ఎక్కువ.

మేము రాసేది, అడిగినదాన్ని వెబ్ నుంచి తెచ్చిపెట్టే కోడు. మా భాషలో లైబ్రరీ. చిరునామా మొదట్లో http లాంటి ఏ ప్రోటోకాల్ పేరుంటే దాని హ్యాండ్లర్, అంటే ఆ పనికి పెట్టిన కోడు, వెళ్ళి తెస్తుంది. ఆ హ్యాండ్లర్లన్నిటికీ పెద్దదిక్కుగా ఒక బేస్ క్లాస్ ఉంటుంది. అది నేను రాసింది. ఎంతసేపు కాచుకోవాలి, ఎంతవరకు తీసుకోవాలి, జవాబు రాకపోతే ఎన్నిసార్లు పిలవాలి... ఈ కట్టుబాట్లన్నీ అది చెబుతుంది, కింద ఉన్నవి పాటిస్తాయి. తను మాత్రం కదలదు. ఎవరికీ తెలియని పేరుతో వచ్చి నేరుగా దాన్నే అడిగితే, ‘ఈ పని ఇక్కడ జరగదు’ అని తిప్పి పంపేస్తుంది.

అదే మా టీమ్ లీడ్‌కి నచ్చలేదు. టీమ్ లీడ్ ఎవరో కాదు, మా మేనమామ కూతురు కౌసల్య. నాకన్నా చిన్నది.

“ఏంటికి బావా ఇది? పేరు మట్టుం పెద్దది. పని ఒకటీ చేసేది లే. సుమ్మా కూర్చోనుండాది, మీ తాత మాదిరి.”

“మా తాత కూర్చుంటేనే ఊరు నడిచింది.”

“నడిచి నడిచి ఎటో పోయింది. పొద్దున్న వచ్చి ఈ క్లాసు తీసేస్తా. వద్దంటావా, రాత్రికి టెస్ట్ పెట్టి చూపించు. తెలియని పేరు పెట్టి ఎవరు పిలిచినా సరిగ్గా కాదనాల. అట్ల అంటే ఉండనీ.”

కాబట్టి ఉండిపోయాను. ఎవరూ లేరు. ఏసీ ఆపేశారు. వైఫై నేనే ఆపాను. పరీక్షంతా నా మెషీన్ లోపలే జరగాలి, గడప దాటకూడదు.

ప్రపంచంలో ఎవరి దగ్గరా హ్యాండ్లర్ లేని పేరు కావాలి. కౌసల్య మీద కోపంలో ‘అరణ్మనై’ అని కొట్టాను. చిన్నమనూరు దగ్గర మా పాత ఇంటికి ఊరివాళ్ళు పెట్టిన పేరు అది. తమిళంలో రాజభవనం. ఇప్పుడు ఒక వ్యాపారి అందులో కొబ్బరికాయలు పోసుకుంటున్నాడు.

మొదటి పిలుపు వెళ్ళింది.

జవాబు ఠక్కున రావాలి. అక్కడున్నది ఒక్క లైను. కాదనడానికి ఎంతసేపు?... రాలేదు. దూరంగా మిల్లు హోరు. తెర మీద కర్సర్ గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

రెండో పిలుపు... అదీ అంతే. కాదనలేదు, ఔననలేదు. లాప్‌టాప్ లోపల తిరుగుతున్న ఫ్యాను కూడా ఆగిపోయింది.

అప్పుడు మా అవ్వ గుర్తుకొచ్చింది. నాన్న తల్లి. రాత్రిపూట వాకిట్లో ఎవరైనా పిలిస్తే ఆవిడ మా నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. “మొదటిసారికి పలకొద్దురా. రెండోదానికీ వద్దు. దెయ్యం అంతకు మించి పిలిచేది లే. మూడోసారి పిలిస్తే మనిషి.”

మూడో పిలుపు దానంతట అదే వెళ్ళిపోయింది.

చాలాసేపు... ముసలి మనిషి మంచం దిగి, గోడ పట్టుకుని, వాకిలిదాకా వచ్చేంత సేపు...

జవాబు వచ్చింది. 200. అంటే ‘సరే’ అని.

లోపల ఏమీ లేదు. ఖాళీ. కానీ కనెక్షన్ మూసుకోలేదు. తలుపు తీసి, ఎవరో, నేనేమంటానో అని నిలబడి ఉన్నట్టు... అలాగే తెరిచి ఉంది.

నాకు ఒళ్ళు మండింది. నేను రాసిన క్లాసులో ‘సరే’ అనే మాటే లేదు. పైగా నా ఇంటి వాకిట్లో, నన్నే, మనిషినా కాదా అని ఆరా తీయడమా?

కౌసల్యకి ఫోన్ చేశాను.

“అది పలికింది.”

“ఏది?”

“బేస్ క్లాస్.”

“బావా, తాగినావా?”

“మా ఇంట్లో అలాంటి...”

“తాగి తాగే గదా అరణ్మనై పోయింది. పోయి పండుకో.”

మెషీన్ మూసి బయటికొచ్చాను. పరిగెత్తలేదు. మావాళ్ళు పరిగెత్తరు. మెట్లు కొంచెం తొందరగా దిగాను, అంతే.

పొద్దున్న కౌసల్య కాఫీ పట్టుకుని వచ్చింది. నా క్లాసు పైనుంచి కిందిదాకా చదివింది. అందులో ‘సరే’ ఎక్కడా లేదు. “ఇదో, ఇప్పుడు చూడు” అని తనే పరీక్ష నడిపింది.

మొదటి పిలుపు... ఏమీ రాలేదు.

“ఎక్కడో తట్టుకున్నట్టుండాది” అంది.

రెండో పిలుపు. కాఫీ కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

మూడోది వెళ్ళబోయే లోపల ఆమె వేలు టక్కున పడింది. ఆపేసింది.

“ఎందుకు ఆపావు?”

“టైం లేదు బావా. డెలివరీ ఉండాది.”

క్లాసు తీయలేదు. పరీక్షని మాత్రం తీసేసింది. నా క్లాసు ఈ రోజుకీ అలాగే ఉంది. దాన్ని నేను నిలబెట్టుకున్నానో, ఇంకెవరైనా నిలబెట్టారో తేల్చుకోలేకుండా ఉన్నాను. మెషీన్ లోపం అనుకుందామంటే, వేరే ఏ పేరు పెట్టి పిలిచినా అది ఠక్కున కాదంటుంది.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ, చుట్టూ ఎవరూ లేనప్పుడు కౌసల్య అడిగింది.

“బావా... అరణ్మనైలో ఇప్పుడు ఎవరుండారు?”

“ఎవరూ లేరు. కొబ్బరికాయలు.”

తలూపి అన్నం కలుపుకుంది. ఈసారి మా తాత మాట ఎత్తలేదు.