నా కేబుల్ ఉద్యోగం

ఆ రోజుల్లో ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని గుబులు నాకు టిఫిను ముందు, టిఫిను తర్వాత కూడా ఉండేది. ఆ రోజులంటే మరీ పాతవేం కావు, నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నా వయసు అరవై మూడు. కాలువల మీద నీటిమట్టాలు కొలిచి రాసే కొలువు నుంచి రిటైరై, ఏడాదిపాటు గ్యాసుబండ ఎన్ని రోజులొచ్చిందో, పాలవాడు ఎన్నింటికి వచ్చాడో డైరీలో రాసుకుంటూ గడిపాను (మా ఆవిడ అది చూసి, "ఈ రిపోర్టు ఎవరికి పంపుతారండీ?" అనేది). చివరికి మా తోడల్లుడి కొడుకు దయతలచి, బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాట్లు అమ్మే తన ఆఫీసులో చేర్చుకున్నాడు.

అక్కడ, పునాదులైనా తియ్యని ఇంటిని జనానికి చూపించేవారు. కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ తగిలిస్తే ఆ ఇంట్లోనే నడుస్తున్నట్టుంటుంది. హెడ్‌సెట్ నుంచి లాప్‌టాప్ దాకా ఇంత పొడుగు కేబుల్. చూసేవాళ్ల కాళ్లకు అది చుట్టుకోకుండా, ఊరేగింపులో గొడుగు పట్టేవాడిలా వెనకాలే పట్టుకుని నడవడం నా పని. నెల తిరక్కుండానే మావాడు వైరు లేని హెడ్‌సెట్ ఒకటి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. "బాబాయ్, పది రోజులు రెండూ వాడి చూడండి. ఏది నయమో రాసివ్వండి, అదే ఉంచుదాం. రాతకోతల్లో మీ అంత పద్ధతి ఎవరికీ లేదు" అన్నాడు. పొగడ్త చెవికెక్కలేదు. వైరే లేకపోతే వైరు పట్టుకునేవాడు ఎందుకు?

పది రోజులూ పద్ధతిగానే రాశాను. వైరు లేనిదానిలో తల తిప్పితే బొమ్మ రెప్పపాటు ఆలస్యంగా తిరుగుతోంది, ఆఫీసులో అందరూ ఫోన్లు చూస్తుంటే వైఫై చాలక బొమ్మలో గోడలు చుక్కలు చుక్కలుగా చెదురుతున్నాయి, రెండు గంటలకే చార్జింగు అయిపోతోంది, నుదురు వేడెక్కుతోంది. వైరుదానిలో బొమ్మ తేటగా ఉంది, ఆలస్యం లేదు. అది పెట్టుకుని ముందుకు నడిచాను, వెనక్కి నడిచాను, కూర్చున్నాను, వంగాను. రాసినవన్నీ నిజాలే. కాకపోతే నేను గీసుకున్న పట్టికలో వైరు వల్ల చికాకు అన్న గడి మాత్రం ఖాళీగా వదిలేశాను (నా పొట్ట కొట్టే గడిని నా చేత్తో నింపుకుంటానా?).

పదో రోజున కైకలూరు వైపు చేపల చెరువులున్న ఒకాయన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. "మా అమ్మకి నచ్చితే తీసేసుకుంటాం" అన్నాడు. మావాడు నన్ను పక్కకు పిలిచి, "బాబాయ్, పెద్ద పార్టీ. తేడా రాకూడదు. దేంతో చూపిద్దాం?" అని అడిగాడు. "వైరుదే" అన్నాను.

"ఇదేంటయ్యా, గుర్రానికి గంతలు కట్టినట్టు!" అన్నారావిడ హెడ్‌సెట్ పెట్టుకుంటూ.

"నువ్వు కాస్సేపు మాట్లాడకుండా నడవ్వే అమ్మా, ఇల్లు కనపడుద్ది" అన్నాడు కొడుకు.

"అబ్బో, హాలు మన చెరువుగట్టంత ఉందిరా!" ఆవిడ నడుస్తున్నారు, నేను వెనకాలే. వంటిల్లు బావుందన్నారు. దేవుడిగది దగ్గర ఆగారు. ఆ బొమ్మ గీసినవాడు అందులో పటమూ, వెలుగుతున్న దీపమూ కూడా పెట్టాడు. ఆవిడ చేతులు జోడించి, "ఒక్క నిమిషం, దణ్ణం పెట్టుకుంటా" అని, ఉన్నచోటే కుడివైపుగా తిరగడం మొదలుపెట్టారు. ఆత్మప్రదక్షిణ! నా పది రోజుల పరీక్షలో గిర్రున తిరగడం ఒక్కటే లేదు. మొదటి చుట్టుకు కేబుల్ భుజాల మీదికొచ్చింది, రెండోదానికి నడుముకు బిగిసింది, మూడోదానికి లాప్‌టాప్ జరుగుతూ వచ్చి బల్ల అంచున ఆగింది.

"అమ్మగారూ, ఓ మూడుసార్లు ఎడమవైపుగా తిరుగుతారా?" అన్నాను సన్నగా.

"ఏం మాటండీ అన్నయ్యగారూ! దేవుడి ముందు అప్రదక్షిణం చెయ్యమంటారా, అదీ కొత్తింట్లో?"

వైరు పీకేద్దామంటే దేవుడిగదిలో దీపం ఆరి చీకటైపోతుంది. అపశకునమంటే పార్టీ పోతుంది, పార్టీతో పాటు నేనూ పోతాను. ఆవిడ వెనక్కి తిరగరు గనక ఇక నేనే తిరగాలి. చార్జింగు తీగ తీసేసి, లాప్‌టాప్‌ను హారతిపళ్లెంలా రెండు చేతులా ఎత్తి, ఆవిడ చుట్టూ కుడివైపుగా నడిచాను. ఒక చుట్టు. రెండు చుట్లు. కొడుకు నోరు తెరిచాడు, మావాడు నోరు మూసుకున్నాడు. మూడో చుట్టు పూర్తవుతుండగా ఆవిడ హెడ్‌సెట్ పైకెత్తి చూశారు.

"ఇదేంటండీ, నా చుట్టూ తిరుగుతున్నారు?"

"నిన్ను అమ్మవారనుకున్నారే!" అన్నాడు కొడుకు పగలబడి నవ్వుతూ.

"అయ్యయ్యో, ఆ పాపం నాకెందుకండీ!" అని ఆవిడే నాకు నమస్కారం పెట్టారు. ఆలోచించుకుని చెబుతామని వెళ్లిపోయారు.

ఖాళీ గడి ఇక ఖాళీగా ఉంచడానికి మనసొప్పలేదు. "మనవాళ్లు దేవుడి ముందు తిరక్కుండా ఉండరు. వైరు పనికిరాదు" అని రాసి ఇచ్చాను. మావాడు చదివి, "సరే బాబాయ్, రేపు మాట్లాడదాం" అన్నాడు. ఆ మాటకు నేను అర్థం చెప్పేసుకున్నాను.

మర్నాడు పొద్దున క్యారియరు సర్దమనాలో వద్దో తేలక వంటింటి గుమ్మంలో నిలబడి ఉండగా ఫోను మోగింది. "ఎక్కడున్నారు బాబాయ్? ఆవిడ చెల్లెల్ని కూడా తీసుకొచ్చారు. నిన్నటి పెద్దాయన పక్కన ఉంటేనే కళ్లకు కట్టుకుంటారట!"

ఆ రోజు పెట్టింది వైరు లేనిదే. బొమ్మ రెప్పపాటు ఆలస్యంగానే తిరిగింది, ఆవిడ పట్టించుకోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని నడిచాను. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, "ఉన్నారా అన్నయ్యగారూ?" అనేవారు. "ఉన్నానమ్మా" అనేవాణ్ని. తర్వాత రెండేళ్లు ఆ ఆఫీసులో నేను చేసిన పనల్లా అదే. ఇప్పుడు ఆ అరవైమూడేళ్ల కొత్త ఉద్యోగి గుర్తొస్తే జాలీ, నవ్వూ కలిసే వస్తాయి. బొమ్మనూ, వేడినీ, చార్జింగునూ అంత పద్ధతిగా కొలిచాడు గాని, పాపం, తను పక్కన ఉండటం కూడా ఒక పనేనని ఆయనకు తోచనేలేదు.