చుట్ట మానినవాడి ఒంగోలు ప్రయాణం

ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో చుట్ట ముట్టనని చర్చిలో అందరి ముందూ లేచి చెప్పాను. "పది రోజులు ఆగితే గొప్ప," అంది మా ఆవిడ. ఆ మాట అబద్ధం చెయ్యాలన్న పంతంతోనే, తొమ్మిదో రోజున, ఊరంతా పొగాకు వాసన కొట్టే ఒంగోలుకు అక్కగారింటికని బయల్దేరాను. భక్తి కూడా కొంత ఉందనుకోండి.

గుంటూరులో పన్నెండున్నర బండి, మూడో తరగతి. తెనాలిలో బండి మారాలి. ఈ దారిన వెళ్ళేవారు అక్కడ పరుగెత్తకపోతే నిలబడే పోవాలి. నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుట ఒక సాయిబు గారు, మిరపకాయల వ్యాపారి. ఒళ్ళో మచ్చుకాయల సంచి. ఆయన తప్ప పెట్టెలో అందరం తుమ్ముతున్నాం.

నిడుబ్రోలు దాటేలోపు నా చుట్ట సంగతి అందరికీ తెలిసిపోయింది. ఎవరైనా అడిగారా అంటే, అడగలేదు.

మూడున్నరకు బాపట్ల. గారెలూ కాఫీ తీసుకున్నాను. నేను మానింది చుట్ట ఒక్కటే గదా. సాయిబు గారికీ ఒక కాఫీ చెప్పబోయాను.

"వద్దండి, మీరు కానివ్వండి," అన్నారు.

మళ్ళీ నాకు ఇప్పించాల్సి వస్తుందని భయం కాబోలు అనుకున్నాను. గారె నములుతూ, నిగ్రహం గురించి చీరాల దాకా బోధించాను.

"మీరూ ఏదో ఒకటి మాని చూడండి సాయిబు గారూ! మనసు అదుపులోకొస్తుంది."

"మంచిమాట చెప్పారండి," అన్నారాయన. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఎండకనుకున్నాను.

కరవది దగ్గర పొద్దు గుంకింది. ఆయన రుమాలు విప్పి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. మరచెంబులో నీళ్ళు తాగి, నాకూ ఒక ఖర్జూరం ఇచ్చారు.

"ఒక్కపొద్దు విడిచానండి. రంజాను నెల గదా."

"తెల్లవారుజాము నుంచీ మంచినీళ్ళయినా లేవా? చెప్పారు కారేం?"

"చెప్పేదేముందండీ, ఇంట్లో అందరం ఉండేదే."

అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

ఒంగోలులో రెండు రోజులున్నాను. బావగారి పొగాకు గోదాము కూడా చూశాను, చుట్ట ముట్టలేదు. తిరుగు బండిలో పక్కనున్న రైతు ఒక చుట్ట అందించాడు.

"వద్దండి."

"ఏం మేష్టారూ, అలవాటు లేదా?"

నలభై రోజుల కథంతా నాలుక చివరిదాకా వచ్చింది. "ఇప్పుడొద్దులెండి," అని కిటికీ వైపు తిరిగాను. తెనాలి దాకా నోరు మూసుకుని కూర్చోవడం ముందు, చుట్ట మానడం ఏపాటి?

"పది రోజులు దాటాయి. నిజంగానే తాగలేదా?" అంది మా ఆవిడ గుమ్మంలోనే.

"లేదు," అని ఊరుకున్నాను.

ఇంకేదో చెబుతానని కాసేపు చూసింది. తర్వాత, జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసింది.