నాటు పేరు

సువార్తమ్మ కూలి ముఠాలో ముద్దుపేరు, మారుపేరు అనే మాటలు చెల్లవు. అక్కడ దాన్ని నాటు పేరు అంటారు. ఆ మాట పుట్టించింది కూడా సువార్తమ్మే. ఒక వానాకాలం పాలకీడు వైపు వరినాట్లకు పోయినప్పుడు ముఠాలో ముగ్గురు కవితలు పడ్డారు. గట్టు మీద నుంచి కవితా, నారు కట్ట అందుకో అని కేకేస్తే ముగ్గురూ నడుములు ఎత్తేవాళ్లు, లేకపోతే ముగ్గురూ ఎవరినో అనుకుని వంగే ఉండేవాళ్లు. ఆమెకు విసుగెత్తి ముగ్గురికీ తలా ఒక పేరు తగిలించింది. అమ్మానాన్నలు పెట్టింది నారుమడి పేరు, పొలంలోకి వచ్చాక నేను నాటిందే మీ పేరు అని తేల్చేసింది. హుజూర్‌నగర్ ఆటోవాళ్ల నుంచి ఆసాముల దాకా అందరి నోళ్లలో ఆ పేర్లే నిలిచాయి.

పేర్లు పెట్టడం ఆమెకు ఉత్త సరదా అనుకుంటే పొరపాటు. భర్త ప్రభుదాస్ మేళ్లచెరువులో లారీ మీద నుంచి జారిపడి కాలు పోగొట్టుకున్నాక ఊరు అతన్ని కుంటి ప్రభుదాస్‌ను చేసింది. అలా అన్నవాళ్లందరితో సువార్తమ్మ జుట్టూ జుట్టూ పట్టుకుంది. ఆమె తిట్టినకొద్దీ ఆ పేరు ఇంకా గట్టిపడింది. అతను పోయిన రోజున కూడా కుంటి ప్రభుదాసు పోయిండట అనే చెప్పుకున్నారు. ఆ మాటకు ఏడ్చినంతగా ఆమె శవం మీద పడి కూడా ఏడవలేదు.

పోయినేడు రజిత వచ్చి ముఠాలో చేరింది. మిర్యాలగూడకు ఇచ్చిన పిల్ల. ఏడాది తిరక్కుండానే అత్తింటివాళ్లు తెచ్చి పుట్టింట్లో దింపి పోయారు. దుకాణంలో చీర వాపస్ చేసినట్టు చేశారని ఎవరో పాపిష్టిది నవ్వింది, అంతే, ఊరికంతా ఆమె వాపస్ రజిత అయింది. ఒకరోజు కోపం మీద కన్నతల్లి కూడా అదే పేరుతో పిలిచింది. రజిత ఇదంతా మొదటి రోజే ఆటోలో సువార్తమ్మ చెవిలో చెప్పింది.

"పెద్దమ్మా, ఆ పేరు గీడ గూడ ఇనబడ్డదంటె ఇగ నేను యాడికీ రాను. ఇంట్లనే తలుపేసుకుని పడుంట."

వారం కాకముందే వినబడింది. ముఠాలోని అలివేలుకు రజిత ఊళ్లో చుట్టాలున్నారు. వాపస్, జర నారు అందుకోవే అనేసింది, తప్పని కూడా తోచలేదు ఆమెకు. రజిత బురద చేతులతోనే గట్టెక్కి కూర్చుంది. అందరూ సువార్తమ్మ వైపు చూశారు. పాత సువార్తమ్మ అయితే అలివేలు తాట తీసేది. ఈసారి నోరు మెదపలేదు. వద్దన్న పేరు వంద నోళ్లకెక్కుతుందని ప్రభుదాస్ విషయంలోనే ఆమెకు తెలిసొచ్చింది. పేరును పేరే తరమాలి. మర్నాడు రజితను బంగారం అని పిలిచి చూసింది. ఎవరూ అందుకోలేదు. ముద్దుగా ఉంటే సరిపోదు, పేరు వెనక నవ్వుకోవడానికి ఒక కథ ఉండాలి, అది ఆ పిల్లదే అయి ఉండాలి. అది దొరికేదాకా రజితను పని మాని ఇంట్లో కూర్చోనీయకుండా కాచుకోవడమే సువార్తమ్మ పనైంది. రోజూ తనే ఆమె వాకిట్లో నిలబడి ఆటో ఎక్కించేది.

మురళీధర్ అనే ఆసామి పొలంలో ఆ కథ దొరికింది. ఆయన కూలీలకు సగం గ్లాసు చాయ్ పోసే మనిషి. ఏళ్ల తరబడి అందరూ అదే తాగుతున్నారు, సువార్తమ్మతో సహా. నోట్లో నాలుక లేదనుకున్న రజిత గ్లాసు తీసుకుని లోపలికి చూసి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చింది.

"పటేలా, సగం మడి నాటేసి పొమ్మంటవా? నింపి ఇయ్యి."

మురళీధర్ అటూ ఇటూ చూసి గ్లాసు నింపాడు. తర్వాత మిగతా గ్లాసులన్నీ నింపక తప్పలేదు. గట్టు మీద ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికంటే ముందు ఫుల్ చాయ్ అని కేకేసింది అలివేలే. సువార్తమ్మ ఆ పేరు పెట్టాల్సిన పని కూడా లేకపోయింది.

అప్పటి నుంచి ఆటో వాకిట్లో ఆగితే చాలు, ఫుల్ చాయ్, ఫుల్ చాయ్ అని బండి నిండా కేకలు. పక్కింటి పిల్లలకూ అదే అలవాటైంది. రజిత తల్లి మాత్రం సిగ్గుతో తలుపు వెనకే ఉండేది. కూతురు వెళ్లాకే బయటికి వచ్చేది.

ఒక పొద్దున రజిత ఆలస్యం చేసింది. ఆటో ఆగగానే తల్లి వాకిట్లోకి వచ్చింది. సువార్తమ్మ ఒక కాలు ఆటోలోంచి కింద పెట్టింది, ఈమె ఏ పేరు తీస్తుందోనని. తల్లి లోపలికి తిరిగి పిలిచింది.

"ఓ ఫుల్ చాయ్, ఎంతసేపే, మీ ఆటో వచ్చింది."

రజిత సగం అల్లిన జడతో గడప దగ్గరికి వచ్చి తల్లి ముఖంలోకి చూసింది. ఎగతాళి కాదని తెలుసుకోవడానికి కాసేపు పట్టింది.

"వస్తున్ననే అమ్మా" అంది.