నూనె బాయిలర్‌లో బొగ్గు

విశాఖపట్నం పోర్టు వెనకాల ఒక ఫ్యాక్టరీ పవర్ హౌస్‌లో నేను బాయిలర్ మనిషిని. మా బాయిలర్ ఆవిరితోనే ఫ్యాక్టరీకి కరెంటు తయారయ్యేది. మొదట్లో మేం కాల్చింది ఫర్నేస్ ఆయిల్. వాల్వు తిప్పితే మంట, కట్టేస్తే మాయం. తెల్ల చొక్కాతో డ్యూటీకి వెళ్లి తెల్ల చొక్కాతోనే ఇంటికొచ్చేవాణ్ణి. ఆ గీర నాకు బాగానే ఉండేది.

డెబ్బైల మధ్యలో నూనె ధర చుక్కలనంటింది. ఓడల మీద తెప్పించుకునే నూనె తగలెయ్యడం ఎందుకు, మన నేలలో బొగ్గు ఉంది కదా, వీలైనవాళ్లంతా దానికి మారండి అని ఢిల్లీ నుంచి చెప్పారు. మావాళ్లు బాయిలర్ కింద జల్లెడలాంటి ఇనప గ్రేటు బిగించారు. ఏడాది తిరక్కుండా నా చొక్కాలన్నీ ఒకే రంగుకొచ్చాయి.

బొగ్గు కాల్చడం మాలో ఎవరికీ రాదు. అందుకని పాతూరు నుంచి ఒక సాయిబు గారిని తెచ్చారు. పాతికేళ్లు రైలింజన్లలో బొగ్గు వేసిన మనిషి. తమాషా ఏమిటంటే, అదే కాలంలో రైళ్లు బొగ్గు మానేసి డీజిల్‌కు మారుతున్నాయి. ఆయన పనిని ఆ డీజిలే తినేసింది. మూడు నెలలు చూసి, ఏ తేడా రాకపోతే పర్మనెంటు చేస్తామన్నారు. ఆ వయసులో ఆయనకు ఇంకో ఉద్యోగం దొరకదని మా అందరికీ తెలుసు.

నేను ఆయన్ని తెగ ఆటపట్టించేవాణ్ణి. "ఏటి సాయిబు గారూ, కూత ఎప్పుడేత్తారు?" అంటే నవ్వేసి, పార నా చేతికిచ్చేవారు.

మూడో నెల ఆఖర్లో ఓ మధ్యాహ్నం ఆయన అన్నానికి వెళుతూ, "నిప్పు కాడే ఉండు బాబూ" అన్నారు. కాసేపటికి ఫ్యాక్టరీలో ఏదో చెడి మెషీన్లన్నీ ఆగిపోయాయి. కరెంటు అక్కర్లేనప్పుడు ఆవిరీ అక్కర్లేదు. బొగ్గు ఆపాను, నిప్పుకు గాలి కొట్టే ఫ్యాను కట్టేశాను, చేతులు కడుక్కుని టీకి వెళ్లాను. నూనె మనుషులందరం ఏళ్ల తరబడి చేసిందదే.

టీ సగంలో ఉండగా సేఫ్టీ వాల్వు లేచి పవర్ హౌస్ అదిరిపోయింది. గ్రేటు మీద జానెడు ఎత్తు నిప్పులు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఆవిరి వాడుకునే యంత్రం ఆగిపోయింది కాబట్టి ఒత్తిడి పెరిగిపోయింది. నేను పరిగెత్తుకొచ్చేసరికి సాయిబు గారు ఎంగిలి చేత్తోనే పార పట్టి నిప్పుల మీద తడి బూడిద కప్పుతున్నారు.

"నూనె అనుకున్నావేటి? నువ్వు ఎలిపోతే నిప్పు సచ్చిపోద్దా? ముందు కింద గాలి తలుపు ముయ్యి!" అని అరిచారు.

అంతా సద్దుమణిగాక ఇంజనీరు వచ్చి, "నిప్పు దగ్గర ఉండాల్సింది ఎవరు?" అని అడిగాడు. సాయిబు గారు నా వైపు చూశారు. నేను ప్రెజరు మీటరు చూస్తూ నిలబడ్డాను. నేను పాత మనిషిని, నా ఉద్యోగం పోదు. మహా అయితే ఒక మెమో ఇచ్చేవారు. అది తెలిసీ మాట్లాడలేదు.

"నేర్పేవాడివి నువ్వే వదిలేసి పోతే ఎలా?" అని ఇంజనీరు తప్పు ఆయన మీదే వేశాడు. నెలాఖరుకు ఆయన్ని ఇక రావద్దన్నారు.

వెళ్లే రోజు నన్ను పక్కకు పిలిచారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇనుకో బాబూ. టీకి ఎల్లేముందు తడి బూడిద కప్పీ. గాలి మూసీ. నీళ్లు సూసుకో. అప్పుడెల్లు" అన్నారు.

రిటైరయ్యేదాకా నా కింద పనిచేసినవాళ్లందరికీ ఆ మాటే చెప్పాను. ఎవరు నేర్పారని ఒకరిద్దరు అడిగారు. నా అనుభవమే అన్నాను.