నొసటి మీద పట్టీ

మా తోటివాళ్ళంతా హైదరాబాద్‌లో హైటెక్ అవుతున్న రోజుల్లో నేను బీదర్‌లో ఒక కంటి ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకుంటూ ఉత్త టెక్‌గా మిగిలిన. పేషెంట్ల వివరాలుండే సర్వర్ మాత్రం హైదరాబాద్‌లోనే ఉండేది. అది పట్టపగలే పడుకునేది. నాకు కూడా అంత నిద్ర లేదు.

అందుకని ఒక ఉపాయం చేసిన. సర్వర్ పడుకుంటే కౌంటర్ మిషనూ డాక్టర్ గది మిషనూ దేనికది రాసి దాచుకుంటయి. అది లేవంగనే పంపిస్తయి. ఒకే పేషెంటు గురించి రెండూ వేరు వేరుగా రాస్తే? చివర వచ్చిందే ఖరారని రూలు పెట్టిన. దాన్ని చూసుకొని రెండు రోజులు మురిసిన.

కౌంటర్‌లో కూర్చునే అక్కకు ఒక అలవాటుండేది. ఆపరేషన్ ఏ కంటికని డాక్టర్ చెప్తే ఆ కంటి పైన, నొసటి మీద తెల్ల పట్టీ అంటించేది.

"అంతా కంప్యూటర్‌ల ఉంది కదక్కా, ఇంక పట్టీ దేనికి?" అన్న.

"ఉండనియ్యి తమ్మీ. పట్టీకి నిద్ర రాదు."

ఒక పొద్దున సర్వర్ పడుకుంది. ధన్నూర నుంచి ఒక పెద్దాయన వచ్చిండు. కుడి కంట్లో నీళ్ళు కారుతున్నయంటే అక్క 'కుడి' అని కొట్టింది. లోపల డాక్టర్ చూస్తే మోతిబిందు, అదే శుక్లం, ఎడమ కంట్లో ఉంది. 'ఎడమ' అని కొట్టిన్రు. మధ్యాహ్నం సర్వర్ లేచింది. డాక్టర్ మిషను ముందు పంపింది. కౌంటర్ మిషను పాతది, తాపీగా వెనక పంపింది. నా రూలు చెప్పినట్టే పనిచేసింది. ఆపరేషన్ లిస్టులో కుడి కన్ను వచ్చింది.

లిస్టు పట్టుకొని అక్క నన్ను పిలిచింది. "పట్టీ ఎడమకుంది తమ్మీ. నీ డబ్బా కుడి అంటాంది. ఎవర్ని నమ్మాలె?"

నేను లిస్టునొకసారి, పెద్దాయన నొసటినొకసారి చూసిన.

బెంచీ మీది పెద్దాయన మాత్రం తొణకలేదు. "మీరు మీరు తేల్చుకోర్రి గని బిడ్డా, కనవడే కన్ను ముట్టకుర్రి. దానితోనే బస్సు పట్టుకొని వచ్చిన."

డాక్టర్ మళ్ళీ చూసిన్రు. ఎడమే. లిస్టును పెన్నుతో దిద్దిన్రు, నా దిక్కు చూడకుండానే.

ఆ వారం రూలు మార్చిన. రెండు మాటలొస్తే మిషను తేల్చదు, ఆగి డాక్టర్‌ను అడుగుతది. ఫారంలో ఒక గడి కూడా కలిపిన: 'పట్టీ ఎటు?' నొసలు చూసి అది నింపితే తప్ప లిస్టు రాదు.

అక్క ఆ గడి చదివింది. "ఇప్పుడిది నన్ను అడుగుతదా?"

"అడుగుతదక్కా."

"అడగనియ్యి," అని పట్టీ చుట్టలోంచి ఇంకో ముక్క చింపింది.