బీడులో జింకల నడక

నా చిన్నప్పుడు మా క్వార్టర్లకూ బాపు పనిచేసే గనికీ మధ్య పెద్ద బీడు ఉండేది. గనిని మేము బాయి అనేవాళ్లం. ఎండాకాలం ఆ బీడులో ఎండుగడ్డి తప్ప ఏమీ మిగిలేది కాదు. అందులో జింకలున్నాయని పెద్దవాళ్లు చెప్పేవారు. నాకు మాత్రం ఒక్కటీ కనబడేది కాదు.

ఒకరోజు షిఫ్టు వదిలే వేళ కాకుండానే సైరన్ మోగింది. వేళకాని సైరన్ అంటే బాయిలో ప్రమాదమని మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు. బాపు పొద్దున్నే బాయి దిగాడు. అమ్మ పొయ్యి మీది గిన్నె దించకుండానే పరుగెత్తింది. పక్కింటామెను నేను పిన్ని వరసతో ఖాలా అని పిలిచేదాన్ని. ఆమె నా చెయ్యి పట్టుకుని, బీడుకు అడ్డంగా అమ్మ వెనకే బయలుదేరింది.

సగం దూరం పోయాక నేను ఏడుస్తూ కూలబడ్డాను. ఖాలా తిట్టలేదు. పక్కనే కూర్చుని కొంగుతో నా ముఖం తుడిచింది.

“ఏడిస్తే కండ్లల్ల నీళ్లే ఉంటయి బేటీ. జింక ఎట్ల కనవడ్తది?”

“ఏడున్నయ్? అన్ని అబద్దాలే చెప్తవ్ నువ్వు.”

“అగో, నన్నే అబద్దాలదాన్ని చేస్తున్నవా! రంగు ఎతుకకు. అది గడ్డి రంగే ఉంటది. నడక చూడు.”

చూశాను. చాలాసేపు గడ్డే కనబడింది. తర్వాత ఆ గడ్డిలోనే ఏదో కదిలింది. ముందు కాళ్లు, తర్వాత చెవి, ఆపైన మొత్తం జింక. దాని వెనక మరొకటి, కొంచెం కుంటుతూ. ఒకసారి పట్టుబడ్డాక నా కళ్లు వాటిని వదల్లేదు. ఏడుపు ఆగింది. ఖాలా నన్ను లేపి, బాయి వైపు వేగంగా నడిపించింది. ఆమె భర్తది కూడా అదే షిఫ్టని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

బాయి గేటు దగ్గర ఆడవాళ్లు గుంపుగా నిలబడ్డారు. లోపలి నుంచి మనుషులు ఒక్కొక్కరే వస్తున్నారు. బొగ్గు పట్టి అందరి ముఖాలూ ఒక్కలాగే ఉన్నాయి. అమ్మ ప్రతి ముఖంలోకీ చూస్తూ బాపు గురించి అడుగుతోంది. నేను ముఖాలు చూడటం మానేశాను. ఎడమ భుజం కాస్త వంచి, అడుగులు దూరం దూరంగా వేస్తూ ఒకరు వస్తున్నారు.

“గా నడక మా బాపుదే!”

“ఉరుకు మరి,” అని ఖాలా నా చెయ్యి వదిలింది.

బాపు నన్ను ఎత్తుకున్నాడు. ఆయన భుజం మీదుగా వెనక్కి చూశాను. ఖాలా అక్కడే నిలబడి, వచ్చేవాళ్ల కాళ్లనే చూస్తోంది. ఆమె భర్త నడిచి రాలేదు. పొద్దుగూకే వేళకు ఆయనను దుప్పటి కప్పి మోసుకొచ్చారు.

ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది. ఖాలా మా పక్కింట్లోనే ఉండిపోయింది. ఆ రోజు బీడులో ఆమె నన్ను ఓదార్చిందనే చాలాకాలం అనుకున్నాను. తన కళ్లకు కూడా అప్పుడు ఏదో ఒక పని కావాలేమో. ఆ మాట ఆమెను అడగలేదు. మొన్న చలికాలంలో ఆమె పోయింది. ఆ బీడు మీద ఇప్పుడు ఓపెన్‌కాస్టు గని కోసం తవ్విపోసిన మట్టిగుట్ట ఉంది.

దవాఖానలోనో, రైల్వే స్టేషన్లోనో ఎదురుచూసేటప్పుడు నేను ఇప్పటికీ నడకలే చూస్తాను. నావాళ్లు కనబడినా వెంటనే కదలలేను. నా పక్కన ఇంకా ఎవరు ఎదురుచూస్తున్నారో ఒకసారి చూసి, అప్పుడు వెళ్తాను.